ఇంట్లో ఐదుగురు, ఐదు రుచులు: మొహమాటానికి కాకుండా నిజంగా చదివే పుస్తకాలు చెప్పండి

కూకట్‌పల్లి_కోడలు
డిసెంబర్లో బుక్ ఫెయిర్ వస్తుంది కదా, ఈసారి లిస్టు రాసుకునే వెళ్దామనుకుంటున్నాను. నెట్‌లో ఎక్కడ వెతికినా అదే "తప్పక చదవాల్సిన వంద తెలుగు పుస్తకాలు". ఆ వందా ఎవరు చదవాలి, ఏ వయసులో చదవాలి అన్నది ఎవరూ రాయరు. మా ఇంటి సంగతి చెప్తాను. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. ఒకప్పుడు వీక్లీలన్నీ వరసపెట్టి చదివిన మనిషి, ఇప్పుడు చిన్న అక్షరాలు కనపడక రోజంతా టీవీ సీరియల్సే. మా ఆయన సాఫ్ట్‌వేర్, తెలుగు పుస్తకం పట్టుకుని ఏళ్లయింది, కానీ ఫోన్లో క్రైమ్ సిరీస్ పెడితే తెల్లారేదాకా చూస్తాడు. పెద్దమ్మాయి తొమ్మిదో క్లాసు, ఇంగ్లిష్‌లో లావుపాటి ఫాంటసీలు చదివేస్తుంది, తెలుగు అనగానే పరీక్ష గుర్తొచ్చి మొహం మాడ్చుకుంటుంది. చిన్నోడికి ఎనిమిదేళ్లు, కూడబలుక్కుని చదువుతాడు. నాకు నవ్వొచ్చే పుస్తకం ఏదైనా చాలు. గొప్ప పుస్తకాలు వద్దండీ, చదవబుద్ధేసేవి చెప్పండి.

నల్లకుంట_నస
విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు. థ్రెడ్ మూసెయ్యొచ్చు.

షాడో_అభిమాని
నస గారూ, ఆవిడ చదవబుద్ధేసేవి అడిగారు. దిండుకి బదులు పనికొచ్చేవి కాదు.

నల్లకుంట_నస
నాకు చదవబుద్ధేసిందయ్యా. పి.వి. నరసింహారావు గారికి ఇంకా ఎక్కువ బుద్ధేసి మొత్తం హిందీలోకి అనువదించాడు. మీకు ఓపిక లేకపోతే అది పుస్తకం తప్పా?

షాడో_అభిమాని
తప్పని అనలేదు, దాదాపు వెయ్యి పేజీలని అంటున్నా. క్రైమ్ సిరీస్ చూసే మనిషి చేతిలో అది పెడితే ఆయన ఇంకో పదేళ్లు తెలుగు వైపు చూడడు. అక్కా, మీవారికి మధుబాబు రాసిన షాడో గూఢచారి నవల ఒకటి ఇవ్వండి. లాజిక్ అడగొద్దని ముందే చెప్పండి. అది కుదరకపోతే కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు. యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఒక శవం, నలుగురు అనుమానితులు. ఒక్క రాత్రిలో అయిపోతాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద తిరిగితే పాత కాపీలు తగుల్తాయి, అట్ట ఉంటే అదృష్టం. కొనేముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి. హంతకుడెవరో తెలియకుండా మిగిలిపోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

మెట్రో_చదువరి
యండమూరి తులసిదళం కూడా ఇవ్వొచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్తూ పట్టపగలు చదివినా భయమేసింది.

బడిపంతులమ్మ
ప్రభుత్వ బడిలో పనిచేస్తాను, మా స్కూల్ లైబ్రరీ బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి కాబట్టి పిల్లల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి. ఎనిమిదేళ్ల పిల్లాడికి పుస్తకం కొనేటప్పుడు మనం చేసేది ఏమిటంటే మన చిన్నప్పుడు మనకి నచ్చింది కొంటాం. వాడు కూడబలుక్కుని చదువుతున్నాడంటే వాడికి కథ కంటే ముందు కావాల్సింది ఆ పుస్తకాన్ని పూర్తి చేశానన్న సంతోషం. పేజీకి రెండు మూడు వాక్యాలు, సగానికి పైగా బొమ్మ, మొత్తం పదహారో ఇరవయ్యో పేజీలు, అంతే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, స్థాయిల వారీగా విడగొట్టి ఉంటాయి. ముందు వాడి వయసు కంటే ఒక మెట్టు కింద ఉన్నవే ఇవ్వండి. "ఇవి చిన్నపిల్లలవి" అని వాడే విసుక్కుంటాడు, అప్పుడు పై మెట్టుకి వెళ్లండి. తార్నాకలో మంచి పుస్తకం అనే సంస్థ ఉంది, పిల్లల పుస్తకాలే వాళ్ల పని, ధరలు కూడా మనకి అందుబాటులో ఉంటాయి. బుక్ ఫెయిర్లో వాళ్ల స్టాల్ దగ్గర పిల్లాణ్ణి వదిలేసి మీరు పక్కకి తప్పుకోండి. వాడు ఏది తీస్తే అది కొనండి. డైనోసార్ల పుస్తకం తీసినా సరే.

ఇంకో మాట, ఇక్కడ ఎవరో ఒకరు ముళ్లపూడి వెంకటరమణ బుడుగు అంటారు, అందుకే ముందే చెప్తున్నా. బుడుగు పిల్లల పుస్తకం కాదు. పిల్లాడు మాట్లాడే పెద్దల పుస్తకం.

బాపు_బొమ్మ_భక్తుడు
బుడుగు పిల్లల పుస్తకం కాదా?? టీచర్ గారూ, ఇది మరీ అన్యాయం.

బడిపంతులమ్మ
కాదు. రెండు జెళ్ల సీత గురించి బాబాయి పడే పాట్లు ఎనిమిదేళ్లవాడికి ఎందుకు నవ్వు తెప్పిస్తాయి? మనకి నవ్వొచ్చేది వాడికి అర్థం కాని విషయాన్ని వాడు అర్థమైనట్టు చెప్పడం వల్ల. అసలు పిల్లలకి అందులో తమాషా ఏముంది, వాళ్లు రోజూ అలాగే మాట్లాడతారు.

బాపు_బొమ్మ_భక్తుడు
మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు రోజూ రాత్రి చదివి వినిపించాను. పడీపడీ నవ్వేది. సీగానపెసూనాంబ అని వారం రోజులు ఇల్లంతా అరుస్తూ తిరిగింది. దీనికేమంటారు?

బడిపంతులమ్మ
మీరు చదివి వినిపించారు కదా! గొంతు మార్చి ఉంటారు, మధ్యలో మీరే నవ్వి ఉంటారు. వినిపించడానికైతే బుడుగుని మించింది లేదు, ఒప్పుకుంటాను. ఒంటరిగా కూర్చోబెట్టి చదవమంటే మాత్రం మూడో పేజీలో ఆపేస్తారు, ఆ అక్షరాల విరుపులు, ఆ తప్పుల తడకలు కూడబలుక్కునే పిల్లలకి చాలా కష్టం.

మెట్రో_చదువరి
ఇద్దరూ ఒకటే చెప్తున్నారు, ఇద్దరూ కొట్టుకుంటున్నారు. బాగుంది.

పదో_క్లాస్_బాధితురాలు
ఆంటీ, తొమ్మిదో క్లాసు అక్క తరఫున నేను మాట్లాడతా (నాకంటే చిన్నదే అనుకోండి). "తెలుగు మర్చిపోతావు, చదువు" అని ఇస్తే ఎవరూ చదవరు, అది హోమ్‌వర్క్. ఫాంటసీ ఇష్టం అన్నారు కదా, పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ ఇవ్వండి, తోకచుక్క, మకరదేవత ఇలాంటివి. రాక్షసులు, మాంత్రికులు, శిథిల నగరాలు, ప్రతి భాగం చివర్లో ఎవరో ఒకరు చావబోతుంటారు. భాష కూడా తేలికే. ఇంకా నేను కొండపొలం చదివాను. సినిమా చూసి హీరో కోసం మొదలుపెట్టా (నవ్వొద్దు). సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు రాశారు. కరువులో గొర్రెల్ని మేపడానికి నల్లమల అడవిలోకి తోలుకెళ్తారు, అక్కడ పులి ఉంటుంది. మొదట్లో కడప మాటలు అర్థం కాలేదు, పులి వచ్చాక అన్నీ అర్థమైపోయాయి.

తార్నాక_తాత
పై అమ్మాయి చివరి వాక్యం చాలా బాగుంది. పులి వచ్చాక అన్నీ అర్థమవుతాయి.

మదనపల్లె_టు_మాదాపూర్
యాస గురించి వచ్చింది కాబట్టి: నామిని సినబ్బ కతలు, పచ్చనాకు సాక్షిగా. మా చిత్తూరు జిల్లా మాటలో రాసినవి. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి గొంతు పట్టేస్తాడు. తొమ్మిదో తరగతి పిల్లకి ఇంతకంటే మంచి తెలుగు పుస్తకం లేదు.

కూకట్‌పల్లి_కోడలు
మాది గుంటూరు వైపు, పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే. చిత్తూరు యాస దానికి అర్థమవుతుందా?

మదనపల్లె_టు_మాదాపూర్
మాంత్రికుల స్కూల్లో లాటిన్‌లాంటి మంత్రాలు అర్థమైన పిల్లకి మా ఊరి మాట అర్థం కాదా అక్కా?

పాతబస్తీ_పోరడు
నామిని మంచిగుంటది గానీ ఇంట్ల తెలుగు తక్కువ వినే పిల్లకి మొదటి పుస్తకంగా వద్దన్నా. ముందు ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు ఇయ్యండి. అది నెల్లూరు వైపు భాష, కొంచెం తేలిక, ఒక్కో కథ నాలుగైదు పేజీలే. చిన్నప్పటి ముచ్చట్లు, స్కూలు, పండగలు, ఇంట్లో డబ్బుల్లేని బాధ, అంతా నవ్వుతూనే చెప్తాడు. మా ఇంట్ల ఉర్దూ మాట్లాడతాం, తెలుగు పుస్తకంల మా ఇంటి లాంటి ఇల్లు నేను మొదటిసారి చూసింది అందులనే. ఇగ మీవారికి హైదరాబాద్ మీద ఇష్టముంటే నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు, పరవస్తు లోకేశ్వర్ సలాం హైద్రాబాద్. రెండోది చదివినంక అబిడ్స్, కోఠి దిక్కు పోయినప్పుడల్లా మీకు ఇంకో ఊరు కనపడ్తది.

అప్పారావు_అనుమానం
ఇవన్నీ కొనాలంటే ఎంతవుతుందో ఎవరైనా లెక్కేశారా? చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891 నుంచి ఉంది, సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి ఉంది. ముందు తెచ్చుకుని చదవండి, నచ్చితే కొనండి.

కూకట్‌పల్లి_కోడలు
కూకట్‌పల్లి నుంచి అఫ్జల్‌గంజ్ వెళ్లొచ్చేసరికి చిన్నోడు పెద్దోడవుతాడండీ.

అప్పారావు_అనుమానం
సరే, మీ ఇష్టం. డబ్బులు మీవి.

తార్నాక_తాత
అత్తగారి గురించి ఎవరూ మాట్లాడలేదు, కాబట్టి ఆ వయసువాణ్ణి నేనే మాట్లాడాలి. డెబ్బై దాటిన మనిషి అనగానే అందరూ చేసే పని భగవద్గీతో, ఏదో ఒక మహాత్ముడి చరిత్రో తెచ్చి చేతిలో పెట్టడం. షష్టిపూర్తి తర్వాత నాకు కానుకగా వచ్చిన పుస్తకాలన్నీ భక్తి పుస్తకాలే, ఒక్కడు కూడా డిటెక్టివ్ నవల ఇవ్వలేదు. ఆమె వీక్లీలు చదివిన మనిషి అంటున్నారు కదమ్మా, ఏ సీరియల్ కోసం శుక్రవారం దాకా ఎదురుచూసేవారో అడగండి. యద్దనపూడి సులోచనారాణి పేరు వస్తుందని నా పందెం. ఆ నవలలే మళ్లీ కావాలి ఆమెకి, కొత్తవి కాదు. మళ్లీ చదవడంలో ఉన్న సుఖం కుర్రవాళ్లకి తెలీదు. కథ తెలుసు, హీరో చివరికి ఒప్పుకుంటాడని తెలుసు, అయినా ఎప్పుడు ఒప్పుకుంటాడా అని గుండె కొట్టుకుంటుంది.

ఇక అక్షరాల సంగతి. మన తెలుగు ప్రచురణల్లో పెద్దక్షరాల పుస్తకాలు పిల్లలకే వేస్తారు, ముసలివాళ్లకి వేయరు. నాకు పనికొచ్చింది వినడం. దాసుభాషితం అని ఒక యాప్ ఉంది, తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు, మంచి పుస్తకాలే ఉన్నాయి. చెవిలో పెట్టుకునే వైర్లు ఆమెకి ఇష్టం ఉండకపోవచ్చు, చిన్న స్పీకర్ కొనిపెట్టండి. ఇప్పటికీ కళ్లతోనే చదువుతానంటే అమరావతి కథలు. సత్యం శంకరమంచి రాసిన నూరు కథలు, ఒక్కొక్కటి రెండు మూడు పేజీలు, కళ్లు నొప్పి పుట్టేలోపు కథ అయిపోతుంది. బాపు బొమ్మలు కూడాను. శ్రీరమణ మిథునం కూడా ఇవ్వండి. సినిమా చూసి ఉంటారు బహుశా, 2012లో భరణి తీశారు. పుస్తకంలో ఆ కథ దానికంటే రుచిగా ఉంటుంది.

షాడో_అభిమాని
తాతగారూ, మీ అడ్రస్ పంపండి, షాడో సెట్ పంపిస్తా.

తార్నాక_తాత
నా దగ్గర ఉంది నాయనా. భగవద్గీత వెనకాల పెట్టుకున్నాను.

మోడరేటర్
పీడీఎఫ్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. రచయితలు, వాళ్ల కుటుంబాలు ఆ పుస్తకాల మీద వచ్చే డబ్బుల్ని చూసుకునే రోజుల్లోనే ఉన్నాం. కాచిగూడ నవోదయలో, కోఠి వైపు షాపుల్లో చాలావరకు దొరుకుతాయి, అడగండి.

కూకట్‌పల్లి_కోడలు
తాతగారూ, పందెం గెలిచారు! అడిగీ అడగ్గానే "సెక్రటరీ" అన్నారు. జయంతి, రాజశేఖరం అని పేర్లతో సహా మొత్తం కథ చెప్పేశారు, కూర మాడిపోయింది. ఆ రాజశేఖరం గారి వల్ల మావయ్యగారు జీవితాంతం ఎన్ని పోలికలు భరించారో ఇవాళే తెలిసింది.

ఇల్లేరమ్మ_చెల్లెలు
హహహ. ఆ హీరోలు, వాళ్ల పడవంత కార్లు చాలా కాపురాల్లో మూడో మనిషిలా ఉండేవాళ్లు. కోడలుగారూ, మీ సంగతి మీరే పక్కన పెట్టేశారు. నవ్వడానికి కావాలన్నారు కదా, సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కతలు. తండ్రి బదిలీలతో ఊళ్లు మారే ఇంట్లో పెద్దకూతురు చెప్పే కబుర్లు. ఆ పిల్ల పెత్తనం చూస్తే ప్రతి ఇంటి పెద్దకూతురూ తనని చూసుకుంటుంది. నేను నా పేరు కూడా దాన్నుంచే పెట్టుకున్నాను. పొత్తూరి విజయలక్ష్మి గారి హాస్య కథలు కూడా. జంధ్యాల శ్రీవారికి ప్రేమలేఖ ఆవిడ నవల నుంచే తీశారు. ఇక భానుమతి అత్తగారి కథలు... మీ అత్తగారితో కలిసి చదివే ధైర్యం ఉంటే.

కూకట్‌పల్లి_కోడలు
ధైర్యం ఉంది. ఆవిడ చదివి నాకు వినిపించాలని షరతు పెడతాను.

నల్లకుంట_నస
మొత్తం థ్రెడ్ చదివాను. బుచ్చిబాబు లేడు, రావిశాస్త్రి లేడు, చలం లేడు. అందరూ నవ్వుకునే పుస్తకాలే. సాహిత్యం అంటే కాలక్షేపమేనా?

మెట్రో_చదువరి
నస గారు అడిగింది న్యాయమే. నేను ఒక వైపు చెప్తాను. బుచ్చిబాబు చివరకు మిగిలేది నాకు ఇంటర్‌లో ఎవరో గొప్పదని ఇచ్చారు, చదవలేకపోయాను, బుర్ర తక్కువేమో అనిపించి సాహిత్యం అనే మాట వైపే వెళ్లలేదు. చాలా కాలం తర్వాత మెట్రోలో కాలక్షేపానికని వంశీ మా పసలపూడి కథలు మొదలుపెట్టాను, ఆ వంటల వర్ణనలకి అమీర్‌పేటలో దిగి టిఫిన్ సెంటర్‌కి పరిగెత్తేవాణ్ణి. దాని తర్వాత కథాసాహితి వాళ్ల ఏటేటా వచ్చే కథ సంకలనాలు (1990 నుంచి వేస్తున్నారు), వాటిలోంచి కేశవరెడ్డి దగ్గరికి వెళ్లాను. అతడు అడవిని జయించాడు చదివిన రోజు నా స్టేషన్ దాటిపోయింది. ఒక ముసలాయన, తప్పిపోయిన పంది, ఒక రాత్రి, అడవి, అంతే కథ. క్రైమ్ సిరీస్ చూసేవాళ్లకి షాడో కంటే ఇదే ముందు ఇస్తాను, అంత బిగువు. ముగింపు మాత్రం సుఖంగా ఉండదు, తొమ్మిదో క్లాసు పిల్లకి ఇచ్చేముందు ఆలోచించండి.

పదో_క్లాస్_బాధితురాలు
మేం చదివే ఇంగ్లిష్ పుస్తకాల్లో సగం మంది చచ్చిపోతారు అన్నయ్యా. ఇచ్చెయ్యండి.

నల్లకుంట_నస
కేశవరెడ్డి పేరు చెప్పారు కాబట్టి ఈసారికి క్షమించాను. మొక్కపాటి బారిస్టర్ పార్వతీశం ఎవరూ చెప్పలేదేం? మొదటి భాగం 1924లో వచ్చింది, ఇప్పటికీ ఆ ఆడవాళ్ల టోపీ పెట్టుకుని తిరిగే ఘట్టం చదివితే నవ్వాగదు. అది ఇంటిల్లిపాదికీ పైకి చదవొచ్చు.

బాపు_బొమ్మ_భక్తుడు
అదిగో! నస గారు కూడా నవ్వుతారన్నమాట.

బడిపంతులమ్మ
మొదటి భాగం చాలు. మూడూ కొనకండి, తర్వాతి వాటిలో ఆ ఊపు తగ్గుతుంది.

నల్లకుంట_నస
ఒప్పుకోను. మూడూ కొనండి.

ఉప్పల్_బస్‌డిపో_బిడ్డ
మధ్యలో దూరుతున్నా, సారీ. మా నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్. పేపర్ తప్ప ఏదీ చదవడు, కథలంటే "అన్నీ అబద్ధాలే" అంటాడు. ఇంట్లో కూర్చుని అందరికీ ఏ ఊరికి ఏ రూట్లో వెళ్లాలో చెప్తుంటాడు. ఆయనకి ఏం ఇవ్వొచ్చు?

అప్పారావు_అనుమానం
సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. పాతకాలం వాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నీ ఉంటాయి. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే, 1955లో. అబద్ధాలు లేవు.

నల్లకుంట_నస
మంచి పుస్తకమే, కానీ ఆయనకి అది కాదు. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర ఇవ్వండి. 1830లో మద్రాసు నుంచి పరివారంతో బయల్దేరి కాశీ దాకా వెళ్లొచ్చాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, మన హైదరాబాద్, నాగపూర్ మీదుగా. దారి పొడవునా ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, రోడ్డు ఎలా ఉంది, నీళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా, అన్నీ డైరీ రాసుకుంటూ పోయాడు. భాష పాతది, మొదట్లో నలుగుతుంది. కానీ రూట్లు తెలిసిన మనిషికి అది భాష సమస్య కాదు. వరసగా చదవక్కర్లేదు, ఆయన బండి నడిపిన రూటు ఎక్కడుందో అక్కడ తెరవమనండి.

మెట్రో_చదువరి
నస గారి నుంచి ఇంత పనికొచ్చే పోస్టు రావడం ఈ ఫోరం చరిత్రలో నమోదు చెయ్యాలి.

ఉప్పల్_బస్‌డిపో_బిడ్డ
ఫ్రెండ్ దగ్గర ఉంది ఆ పుస్తకం, తిరుపతి నుంచి కడప దాకా ఉన్న పేజీలు ఫోటో తీసి పంపించాడు, నాన్నకి చదివి వినిపించా. "తిరుపతి నుంచి కడపకి అన్ని రోజులా, ఎవడు నడిపాడు బండి" అన్నాడు. తర్వాత కళ్లజోడు అడిగాడు. ఆదివారం కాచిగూడ వెళ్తున్నా, ఎవరికైనా ఏమైనా తేవాలా?

తార్నాక_తాత
యుగంధర్ కనపడితే ఒకటి. చివరి పేజీ చూసి తీసుకో బాబూ.